జ్వరం, నెత్తురు, మతి: నూరేళ్ల వెతుకులాట



మన పెద్దవాళ్లకు సన్నిపాతం అనే మాట బాగా తెలుసు. జ్వరం తలకెక్కి మనిషి ఏదేదో మాట్లాడుతుంటే, ఎదుట లేనివాళ్లను పేరుపెట్టి పిలుస్తుంటే, సన్నిపాతం కమ్మిందనేవాళ్లు. జ్వరం దిగితే మాట సర్దుకుంటుందని కూడా వాళ్లకు తెలుసు. ఒంట్లో రేగిన వేడికీ మతికీ ఏదో లంకె ఉందన్న సంగతి ఏ ప్రయోగశాలా చెప్పకముందే మన పల్లెల్లో అందరికీ తెలిసిన విషయం.

అయితే జ్వరమేమీ లేకుండానే కొందరికి మతి మారుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో, కాలేజీకి పోతున్న కొడుకో, మగ్గం మీద కూర్చునే తమ్ముడో మెల్లమెల్లగా మనుషులకు దూరమవుతాడు. ఎవరూ లేనిచోట గొంతులు వినిపిస్తున్నాయంటాడు. పక్కింటివాళ్లు తనమీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్ముతాడు. స్నానం, తిండి, నిద్ర అన్నీ తప్పుతాయి. దీనికి సన్నిపాతం అన్న పేరు సరిపోలేదు. గాలి సోకిందన్నారు, చేతబడి అన్నారు. వైద్యులు స్కిజోఫ్రీనియా అన్నారు. ఆ పేరు పెట్టినవాడు స్విట్జర్లాండుకు చెందిన బ్లాయిలర్, 1908లో. తమిళంలో మనచ్చిదైవు అంటారు, అంటే మనసు శిథిలమవడం. నూరుమందిలో ఒకరికి, లేదా అంతకు కొంచెం తక్కువగా, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే వ్యాధి ఇది.

ఈ వ్యాధి మూలాలు మెదడులో మాత్రమే ఉన్నాయా, లేక ఒంటిని కాపాడే రోగనిరోధక శక్తికి కూడా ఇందులో చేయి ఉందా? ఈ ప్రశ్నకు నూరేళ్లు దాటాయి. రాయవేలూరు ఆసుపత్రికి బస్సెక్కే చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. "నెత్తురు పరీక్ష చేస్తే ఈ జబ్బేమిటో తేలదా సార్?" అని వైద్యుణ్ణి అడగని తల్లి లేదు. ఆ ప్రశ్న చరిత్ర చెప్పడమే ఈ ప్రసంగం.

ముందు ఆస్ట్రియా రాజధాని వియన్నాకు పోదాం. ఆ రోజుల్లో ఐరోపా పిచ్చాసుపత్రుల్లో సవాయి వ్యాధి, అంటే సిఫిలిస్, ముదిరి మెదడుకెక్కినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. మతి తప్పి, కాళ్లూ చేతులూ పడిపోయి, కొన్నేళ్లలో చనిపోయేవాళ్లు. అక్కడి వైద్యుడు వాగ్నర్ యౌరెగ్ ఒక విషయం గమనించాడు. అలాంటి రోగికి మధ్యలో ఏదైనా పెద్ద జ్వరం వచ్చి తగ్గితే, ఒక్కోసారి మతి కూడా కుదుటపడుతోంది. 1917లో ఆయన తెగించి, రోగులకు కావాలనే మలేరియా ఎక్కించాడు. కొన్నిసార్లు జ్వరం వచ్చిపోయాక క్వినైన్ ఇచ్చి దింపాడు. కొందరు ఆ మలేరియాతోనే చనిపోయారు, చాలామంది మెరుగయ్యారు. 1927లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పెన్సిలిన్ వచ్చాక ఆ చికిత్స అవసరం తీరిపోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సవాయి పురుగు మెదడులో ఉందని 1913లోనే సూక్ష్మదర్శినిలో చూశారు. అంటే ఒక రకం మతిభ్రమణానికి మూలం అంటువ్యాధి అని రుజువైపోయింది. మరి మిగతా రకాలకూ అలాంటి మూలమే ఉండాలి కదా అని తార్కికులు ముందుకు దూకారు. అలా దూకినవాళ్లలో ఒకడి కథ భయంకరమైనది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ మానసిక ఆసుపత్రికి హెన్రీ కాటన్ అనే వైద్యుడు 1907లో పెద్ద అయ్యాడు. ఒంట్లో ఎక్కడో దాగిన చీము విషమై నెత్తురులో కలిసి మెదడుకు చేరుతుందనీ, పిచ్చికి అదే కారణమనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో రోగుల పళ్లు పీకించాడు. గొంతులోని టాన్సిళ్లు తీయించాడు. అప్పటికీ తగ్గకపోతే పొట్ట కోసి పెద్దపేగు భాగాలు తీయించాడు. నూటికి ఎనభైకి పైగా బాగుపడుతున్నారని ప్రకటించుకున్నాడు. 1920ల నడుమ ఫిలిస్ గ్రీనేకర్ అనే వైద్యురాలు వెళ్లి రికార్డులు తిరగేసి చూస్తే, బాగుపడ్డారన్నది అబద్ధమనీ, పేగు ఆపరేషన్లయిన వాళ్లలో చచ్చిపోయినవాళ్లు దిగ్భ్రాంతి కలిగించేంత మంది అనీ తేలింది. ఆ నివేదికను పైవాళ్లు తొక్కిపెట్టారు. పళ్లు పీకడం ఇంకొన్నాళ్లు సాగింది. తనే పట్టుబట్టి పళ్లు తీయించిన మనుషులు నోరు లేకుండా, మాట స్పష్టం లేకుండా వరండాల్లో కూర్చుని ఉంటే ఆయనకు అనుమానం రాకపోవడమే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం.

తర్వాత న్యూ ఆర్లియన్స్ నగరంలో రాబర్ట్ హీత్ అనే ఆయన 1957లో, రోగుల నెత్తురులో ఒక ప్రత్యేక మాంసకృత్తు ఉందన్నాడు. 1967లో అది మెదడుమీదే దాడి చేసే యాంటీబాడీ అన్నాడు. ఇతర ప్రయోగశాలలు ఎంత ప్రయత్నించినా అది దొరకలేదు. ఈ రెండు ఉదంతాలతో, నెత్తురులో కారణం వెతుకుతానన్న వాణ్ణి సాటి వైద్యులే అనుమానంగా చూసే రోజులొచ్చాయి.

హీత్ తన మాంసకృత్తును ప్రకటించిన ఆ 1957లోనే మన రాయవేలూరులో వేరే పని ఒకటి మొదలైంది.

ఐడా స్కడర్ అమ్మ 1900లో ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల సంగతి మీకు తెలుసు. గుడియాత్తం దారిలో చెట్ల కింద బండి ఆపి ఆమె మందులిచ్చిన కథలు మన ముసలివాళ్ల నోట ఇంకా వినిపిస్తాయి. అయితే మనోవ్యాధులకు చాలాకాలం ఇక్కడ ఏర్పాటు లేదు. ముదిరిన రోగిని మద్రాసు కీల్పాక్ పిచ్చాసుపత్రికి తీసుకుపోయి వదిలిపెట్టి రావడమే ఉండేది. గేటు దగ్గర అప్పగించి వెనక్కి తిరిగిన అన్నదమ్ములు మళ్లీ ఎన్నిసార్లు వెళ్లి చూసేవాళ్లో మీరే ఊహించుకోండి. 1957లో కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లోరెన్స్ నికోల్స్ నాయకత్వంలో, బాగాయంలో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం మొదలైంది. అక్కడ ఒక నియమం పెట్టారు. రోగితోపాటు ఇంటిమనిషి ఒకరు ఉండి తీరాలి. వదిలిపెట్టి పోవడం కుదరదు. తల్లి, భార్య, అన్న, ఎవరో ఒకరు అక్కడే ఉండి, మందులు ఎలా వేయాలో, మాట ఎలా మాట్లాడాలో నేర్చుకుని ఇంటికి వెళ్లాలి. అదే దశాబ్దంలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను గుడారాల్లో ఉంచి ఇదే పద్ధతి నడిపాడు. పడమటి దేశాల్లో కుటుంబమే రోగానికి కారణమని కొందరు వాదిస్తున్న రోజులవి. ఇక్కడ కుటుంబాన్నే వైద్యంలో భాగం చేశారు. నెత్తురు సంగతి చెబుతూ దీన్ని ఎందుకు తెచ్చానంటే, రోగికి జ్వరం తగిలితే మొదట తెలిసేది పక్కన పడుకున్న మనిషికే. ఆ జ్వరం ఎంత ముఖ్యమో ఇంకాసేపట్లో చెబుతాను.

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు దొరికింది. గొంతులూ అనుమానాలూ తగ్గడం మొదలైంది. మెదడులో డోపమిన్ అనే రసాయనం జోరును ఈ మందులు తగ్గిస్తాయని తర్వాత తెలిసింది. ఇక అందరి చూపూ డోపమిన్ మీదే. రోగనిరోధక శక్తి మాట ఎవరికీ పట్టలేదు. అయితే ఆ మాట మందు రూపంలోనే వెనక్కి వచ్చింది.

క్లోజపిన్ అనే మందు 1950ల చివర్లో స్విట్జర్లాండులో తయారైంది. చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం వంటి బాధలు దీనితో తక్కువ. 1975లో ఫిన్లాండులో ఈ మందు వాడుతున్న కొందరికి ఉన్నట్టుండి గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. పరీక్షిస్తే నెత్తురులో తెల్లకణాలు దాదాపు లేవు. సూక్ష్మజీవులను ఎదిరించే కణాలే లేకపోతే చిన్న పుండు కూడా ప్రాణం తీస్తుంది. ఎనిమిది మంది చనిపోయారు. చాలా దేశాల్లో మందు ఆపేశారు. ఆ తర్వాత 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందం, ఏ మందుకూ లొంగని 268 మంది రోగుల మీద పరీక్ష జరిపింది. క్లోర్‌ప్రోమజిన్‌తో నూటికి నలుగురు మెరుగైతే, క్లోజపిన్‌తో నూటికి ముప్పైమంది మెరుగయ్యారు. అంత తేడా కనబడ్డాక మందును పారేయడానికి మనసొప్పలేదు. క్రమం తప్పకుండా తెల్లకణాలు లెక్కపెట్టాలన్న షరతుమీద 1989లో అమెరికా అనుమతించింది. మన దేశంలో తొలి 18 వారాలు వారానికొకసారి, ఆ పైన నెలకొకసారి నెత్తురు తీసి చూడడం వాడుక అయింది. పలమనేరు నుంచి వారం వారం కూలి మానుకుని నెత్తురివ్వడానికి రావడం ఎంత కష్టమో వచ్చేవాళ్లకే తెలుసు. తెల్లకణాలు పడిపోయే ప్రమాదం నూటికి ఒకరికంటే తక్కువ, అదీ ఎక్కువగా మొదటి నెలల్లోనే. 2025లో అమెరికా ప్రభుత్వం, రోగి పేరు నమోదు చేసి రిపోర్టు పంపితేనే మందిచ్చే విధానాన్ని ఎత్తివేసింది. నెత్తురు పరీక్ష చేయించుకోమన్న సలహా మాత్రం అలాగే ఉంచింది.

ఇది మందు వల్ల రోగనిరోధక శక్తికి వచ్చే చిక్కు. మరి వ్యాధి పుట్టుకలోనే దాని పాత్ర ఉందా అన్న మొదటి ప్రశ్న సంగతేమిటి?

వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. దాన్నే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, మనం వాపు అందాం. తెల్లకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునేందుకు సైటోకైన్లు అనే పదార్థాలు వదులుతాయి. ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, అన్నం సయించదు, ముసుగుతన్ని పడుకోవాలనిపిస్తుంది. అది సూక్ష్మజీవి చేసే పని కాదు, ఆ కబుర్లు మెదడుకు చేరడం వల్ల కలిగే స్థితి. స్కిజోఫ్రీనియా రోగుల సమూహాన్ని తీసుకుని కొలిస్తే, ఇంటర్‌లూకిన్ 6 వంటి ఈ కబురు పదార్థాలు సగటున కొంచెం ఎక్కువగా ఉన్నాయని చాలా దేశాల్లో చూశారు. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థలో కూడా ఈ దిశలో పరిశోధన నడుస్తోంది. అయితే పొగ తాగడం, ఒళ్లు పెరగడం, మందులు కూడా ఆ అంకెలను పెంచుతాయి. అందువల్ల ఒక మనిషి నెత్తురు చూసి ఇతనికి స్కిజోఫ్రీనియా ఉందని చెప్పగల పరీక్ష ఈనాటికీ లేదు. అలా చెబుతామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

సాక్ష్యాలు మరో వైపు నుంచి కూడా వచ్చాయి. 1988లో మెడ్నిక్ అనే శాస్త్రవేత్త, 1957 ఫ్లూ మహమ్మారి వచ్చినప్పుడు హెల్సింకీ నగరంలో కడుపులో నాలుగు నుంచి ఆరు నెలల పిండాలుగా ఉన్నవాళ్లలో ఈ వ్యాధి ఎక్కువైందని రాశాడు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. 2011లో డెన్మార్కు దేశపు ఆరోగ్య రికార్డులన్నీ తీసి చూశారు. సొంత రోగనిరోధక శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బులున్న వాళ్లకు స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం 29 శాతం, తీవ్రమైన అంటువ్యాధితో ఆసుపత్రిలో చేరిన వాళ్లకు 60 శాతం ఎక్కువ అని తేలింది. ఈ అంకెలు విని ఎవరూ గాభరా పడనక్కర్లేదు. నూటికి ఒకరికి వచ్చేది ఒకటిన్నర మందికి వస్తుందని దాని అర్థం. టైఫాయిడ్ వచ్చిన ప్రతి పిల్లవాడికీ మతి తప్పుతుందని కాదు.

2016లో అమెరికాలో మెకరోల్ బృందం ఇంకాస్త లోపలికి వెళ్లింది. దాదాపు 65 వేల మంది జన్యువులను పోల్చి చూసి, సీ4 అనే రోగనిరోధక జన్యువు కొన్ని రూపాల్లో ఉన్నవాళ్లకు ఈ వ్యాధి అవకాశం కొద్దిగా ఎక్కువని చెప్పింది. దీన్ని వివరించడానికి మన పాఠ్యపుస్తకాల పోలిక చాలదు. తెల్లకణాలను సైనికులతో పోల్చడం బళ్లో పిల్లలకు సులువుగా ఎక్కుతుంది, నాకూ ఆ పోలిక ఇష్టమే. ఇక్కడ మాత్రం తోటపని తెలిసినవాడు కావాలి. పలమనేరు, కుప్పం పక్కన మల్బరీ రైతులు పంట కాగానే కొమ్మలు కత్తిరిస్తారు కదా. పిల్లలు పెద్దవాళ్లయ్యే వయసులో మెదడు కూడా అక్కర్లేని లంకెలను అలాగే కత్తిరించుకుంటుంది. ఏ లంకె తీసేయాలో గుర్తుపెట్టే పనిలో సీ4 ఒకటి. ఆ గుర్తులను చూసి కత్తిరించేవి మైక్రోగ్లియా అనే కణాలు, మెదడుకున్న రోగనిరోధక కణాలు అవే. గుర్తులు మితిమీరితే ఉంచవలసిన కొమ్మలు కూడా తెగిపోతాయని ఊహ. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ప్రాయంలోనే ఈ వ్యాధి ఎందుకు బయటపడుతుందో దీనితో కొంత అర్థమవుతుంది. నా మట్టుకు ఈ నూరేళ్ల వెతుకులాటలో అన్నిటికంటే నమ్మదగిన ఆధారం ఇదే అనిపిస్తుంది.

హీత్ చెప్పిన యాంటీబాడీ ఏమైంది? నలభై ఏళ్ల తర్వాత అది వేరే గుమ్మంలో ప్రత్యక్షమైంది. 2007లో డాల్మౌ అనే వైద్యుడు, మెదడులోని ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకాల మీద సొంత యాంటీబాడీలే దాడి చేసే జబ్బును వర్ణించాడు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు వస్తుంది, కొందరిలో అండాశయంలో కంతి ఉంటుంది. మొదట్లో చూస్తే అచ్చం స్కిజోఫ్రీనియా లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే రోజుల్లో, వారాల్లో ముంచుకొస్తుంది. తలనొప్పి, జ్వరం ముందు వస్తాయి, తర్వాత ఫిట్లు, మూతి వంకర్లు తిరగడం, మనిషి కొయ్యబారిపోవడం, స్పృహ తప్పడం. దీనికి స్టీరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, నెత్తురులోని ప్లాస్మా మార్చడం వంటి చికిత్సలున్నాయి, అత్యధికులు కోలుకుంటారు. మతి మారినవాళ్లలో ఇలాంటివాళ్లు చాలా కొద్దిమంది. కానీ మంత్రగాడి దగ్గర నెలరోజులు గడిచిపోతే ఆ కొద్దిమందికి ప్రాణం మీదికి వస్తుంది.

వాపు ఉంటే వాపు తగ్గించే మందు ఇస్తే సరిపోదా అని మీకు తోచే ఉంటుంది. వైద్యులకూ తోచింది. 2002లో మ్యూనిక్‌లో నొప్పుల మందు సెలెకోక్సిబ్‌ను, 2010లో హాలండ్‌లో ఆస్పిరిన్‌ను, మామూలు మందులకు తోడుగా ఇచ్చి చూశారు. మొదటిదాంట్లో 50 మంది, రెండోదాంట్లో 70 మంది. కాస్త మెరుగు కనబడింది. మినోసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మీద కూడా చిన్న పరీక్షల్లో గొప్ప ఆశలు పుట్టాయి. 2018లో ఇంగ్లండులో 207 మందికి, ఏడాది పాటు, ఎవరికి మందు ఎవరికి ఉత్తి గోలీ అన్నది తెలియకుండా ఇచ్చి చూస్తే ఏ ప్రయోజనమూ కనబడలేదు. కీళ్లవాపుకు వాడే ఖరీదైన టోసిలిజుమాబ్ ఇంజక్షనుకూ అదే గతి. ఆశ పుట్టడానికి యాభైమంది రోగులు చాలు, నిజం తేలడానికి చాలరు. ట్రెంటన్‌లో కాటన్ ఇలాంటి పరీక్షకు ఒప్పుకుని ఉంటే ఎందరి పళ్లు, ఎందరి ప్రాణాలు మిగిలేవో! ఇప్పుడు పరిశోధకుల ప్రశ్న మారింది. రోగులందరికీ కాక, వాపు గుర్తులు నిజంగా ఎక్కువున్న కొందరికైనా ఈ మందులు పనిచేస్తాయా అని చూస్తున్నారు. జవాబు ఇంకా రాలేదు. అంతవరకు డాక్టరు రాసిన గోలీ మానేసి ఆస్పిరిన్ మింగడం తగదు.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. బాగాయం వైద్యులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదటిసారి స్కిజోఫ్రీనియాతో వచ్చిన 131 మందిని, మీ బాధకు కారణమేమనుకుంటున్నారని అడిగారు. సుమారు 70 శాతం మంది దైవసంబంధమైన, మంత్రతంత్రాల కారణాలు చెప్పారు. కొందరు రెండు మూడు కారణాలు ఒకేసారి నమ్ముతున్నారు. గంగమ్మకు మొక్కుకుని, దర్గాలో తాయెత్తు కట్టించుకుని, ఆ చేత్తోనే ఆసుపత్రి చీటీ పట్టుకుని వచ్చే కుటుంబాలు మనకు కొత్త కాదు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. మొక్కు తీర్చాం కదా, గోలీ ఇక అక్కర్లేదు అన్నప్పుడే చిక్కు.

ఇందాక జ్వరం సంగతి చెబుతానన్నాను. క్లోజపిన్ వాడే మనిషికి గొంతునొప్పితో జ్వరం వస్తే అది మామూలు జలుబు కావచ్చు, తెల్లకణాలు పడిపోయిన సూచనా కావచ్చు. ఆ రోజే నెత్తురు పరీక్ష చేయించాలి. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో జ్వరంతో ఛాతీనొప్పి, ఆయాసం వస్తే గుండె కండరానికి వాపు వచ్చిందేమో చూడాలి. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. న్యుమోనియా వంటి పెద్ద జ్వరంలో ఒంట్లో వాపు పెరిగినప్పుడు, క్లోజపిన్‌ను అరిగించే కాలేయపు పని మందగిస్తుంది. వేసుకునే గోలీలు అవే అయినా నెత్తురులో మందు పేరుకుపోతుంది. మనిషి మత్తుగా తూగుతాడు, చొంగ కారుతుంది, ఫిట్లు కూడా రావచ్చు. జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంకో గోలీ వేస్తే మరింత ముప్పు. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, అందుకు జ్వరం సంగతి ఆయనకు చేరాలి.

బీడీలు చుట్టే గుడియాత్తం చుట్టుపక్కలవాళ్లకు దీనితోపాటు మరొకటి చెప్పాలి. బీడీ పొగ ఇందుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది, క్లోజపిన్‌ను త్వరగా కరిగించేస్తుంది. రోజుకు కట్ట తాగేవాడికి ఎక్కువ మోతాదు పడుతుంది. అతను ఆసుపత్రిలో చేరి బీడీ దొరక్కో, మంచిదే అనుకుని ఇంట్లోనే ఉన్నట్టుండి మానేసో ఉంటే, వారం తిరిగేలోగా అదే మోతాదు ఎక్కువైపోతుంది. బీడీ మానడం మంచిదే. మానే ముందు ఆ మాట డాక్టరు చెవిన వేయండి. రోజుకు ఎన్ని తాగేవాడో లెక్క చెప్పవలసింది పక్కనున్న ఇంటిమనిషే, ఎందుకంటే అడిగితే రోగి సగమే చెబుతాడు.